సరుగుడు ఆకుల మీద

తడిసిన సరుగుడు ఆకుల వాసన.

వాన వెలిసిన సాయంత్రం... తోపంతా ఆవిరి.

సమాధానం ఒక పుచ్చిన మొద్దు మీద కూర్చున్నాడు. ఒళ్ళో కూతురు, ఏంజెలిన్. ఇంకా మెడ నిలవని పసిగుడ్డు.

కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపే మనిషి అతను. అంత ఎత్తున కూర్చుని గాలివానకీ బెదరని మనిషి. కాన్పుకని పుట్టింటికి వచ్చిన భార్య కరుణాకుమారిని, బిడ్డను చూసుకోవాలని బోగోలు వచ్చాడు. నా చేతుల్లో ఉంటే నీకేం దిగులు అని ఆమెకు చెప్పి మరీ బిడ్డను ఇంటి వెనక తోపులోకి ఎత్తుకొచ్చాడు.

ఊరికే... తోచక... కాలి వేలితో మొద్దు బెరడు పెకలించాడు.

బెరడు కింద ఏదో కదిలింది.

బొద్దింక. వంటింట్లో తిరిగే రకం కాదు. మాగిన ఆకుల అడుగున, పుచ్చు కర్ర సందుల్లో బతికేది. బొటనవేలంత ఉంది. చింతగింజ రంగు. ఏనాడూ ఎవరి గడపా తొక్కి ఉండదు.

లుంగీ మీద పాకింది. మోచేతి మీదికి వచ్చింది. గరుకు కాళ్ళు... గిలి...

అతను దిగ్గున లేచి విదిలించాడు.

రెండు చేతులూ విదిలించాడు.

బిడ్డ జారిపోయింది.

ఆకుల మీద పడింది — ఏళ్ళ తరబడి రాలి, నాని, పరుపులా మెత్తబడ్డ ఆకుల మీద. దెబ్బ తగల్లేదు. క్షణం సేపు ఏ చప్పుడూ లేదు... ఆ తర్వాత ఏడుపు.

వంగి ఎత్తుకుంటుంటే కనబడింది. బెరడు ఊడిన చోట, సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి పిల్లలు. పెద్దది అప్పటికే వాటి దగ్గరికి తిరిగి వెళ్ళింది. వాటిని కప్పుకుని, కదలకుండా ఉంది.

అతను తల తిప్పుకున్నాడు.

ఏడుపు విని కరుణాకుమారి పరుగున వచ్చింది.

"ఏమైనాది బిడ్డకి?"

"చీమ కుట్టినట్టుండాది."

ఆమె బిడ్డను అందుకుంది. ఒళ్ళంతా తడిమింది. మెడ వెనక, జుట్టులో చిక్కుకున్న సరుగుడు ఆకుల్ని ఏరింది. వీపున అంటిన మట్టిని పైట చెంగుతో తుడిచింది. అతని వైపు చూడలేదు. ఏమీ అడగలేదు.

అడిగితే బాగుండును.

తిడితే ఇంకా బాగుండును.

బిడ్డ ఏడుపు సన్నగిల్లింది. వెక్కిళ్ళుగా మారింది... ఆగింది.

"పట్టుకో. పొడిగుడ్డ తెస్తా," అందామె.

అతను చేతులు చాచలేదు. ముందు నేల మీద కూర్చున్నాడు — ఆకుల మీదే, తడిలోనే. ఎంత కిందికి కూర్చోగలడో అంత కిందికి.

అప్పుడు చేతులు చాచాడు.

"చీమ కాదు, కరుణా. నేనే వదిలేసినాను."

తోపులో చుక్కలు చుక్కలుగా నీళ్ళు రాలుతున్నాయి.

ఆమె బిడ్డను గుండెకు హత్తుకుని, ఇంకా నిలబడే ఉంది.