చిన్నోడి కొలత

మా పెద్ద మేనల్లుడి టైలరు దుకాణంలో లావుపాటివాళ్ళకు టేపు పెట్టరు. టేపు నడుము చుట్టూ తిరిగిందంటే చాలు, ఎంతటి మనిషైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆ కొలతకు కోటు కుడితే మళ్ళీ ఊపిరి తీసుకునేదాకానే సరిపోతుంది. అందుకని పెద్దోడు ఒక పద్ధతి పెట్టాడు. లావుపాటి మనిషి గుమ్మం ఎక్కగానే, మిషను దగ్గరున్న తమ్ముణ్ణి లేచి పక్కన నిలబడమంటాడు. ఇద్దర్నీ ఎగాదిగా చూసి ‘చిన్నోడంతే’ అనో, ‘చిన్నోడికంటే రెండు వేళ్ళు ఎక్కువ’ అనో తీర్పు చెబుతాడు. ఇక కోటు మొత్తం చిన్నోడి ఒంటి మీదే తయారవుతుంది.

చిన్నోడంటే పసివాడనుకునేరు. యాభై దాటిన మనిషి. ఒకసారి ఉన్నట్టుండి వాన ముంచుకొస్తే అతని పొట్ట కింద ఇద్దరం తడవకుండా నిలబడ్డాం. నమ్మకపోతే రెండోవాణ్ణి అడగండి.

ఆ పొట్టకే గండం వచ్చింది. ఒంట్లో చక్కెర మితిమీరిందనీ, మూడు నెలల్లో దిగకపోతే రోజూ సూది వేయించుకోవాలనీ డాక్టరు చెప్పాడు. బుద్ధెరిగినప్పటి నుంచి సూదితోనే బతుకుతున్న మనిషి, ఆ మాట వినగానే డాక్టరు బల్ల పట్టుకున్నాడట. మనిషితోపాటు బల్లా వణికిందట. ఈ సంగతి అతని పెళ్ళానికీ, దుకాణంలో గుండీలు కుట్టే నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అన్నకు చెబితే నవ్వుతాడని దాచాడు.

అన్నీ ఒకేసారి మానడం తన వల్ల కాదని నెలకో పందెం వేసుకున్నాడు. మొదటి నెల టీలో పంచదార లేదు. నాలుగు రోజులు టీ గ్లాసును ఆగర్భ శత్రువును చూసినట్టు చూసి, ఆ తర్వాత రాజీపడ్డాడు. రెండో నెల నిలబడి ఏదీ నోట్లో వేసుకోకూడదు. అప్పటికిగానీ తెలియలేదు, అతను తినే తిండిలో సగం వంటింటి గుమ్మంలో నిలబడి తినేదేనని. మూడో నెల పళ్ళెంలో సగమే. మిగతా సగం పారేయడం ఇష్టం లేక పెద్దోడు తన పళ్ళెంలోకి లాక్కునేవాడు. తమ్ముడికి ఆకలి మందగించిందని జాలిపడుతూనే తినేవాడు.

రోజూ కళ్ళెదుట తిరిగే మనిషి తగ్గితే కంటికి ఆనదు. చిన్నోడు చొక్కా లోపలికి దోపుకుని, బెల్టు బిగించి పని చేసుకుంటున్నాడు. కొత్త కోట్లు ఎప్పటిలాగే అతని మీద తయారై వెళుతున్నాయి. తీసుకెళ్ళినవాళ్ళు ఇంట్లో వేసుకుని చూసి, తప్పు తమ పొట్టదేననుకున్నారు. సిగ్గుపడి ఒక్కరూ తిరిగి రాలేదు. తాళాల షాపాయన రాత్రి భోజనం మానేశాడు. బడి హెడ్మాస్టరు పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు మా వీధిలో తెల్లవారుజామున నడిచేవాళ్ళు ఎంతగా పెరిగారంటే, మొరిగి మొరిగి విసుగొచ్చి కుక్కలు వేరే వీధికి కాపురం మార్చాయి.

ఇంతలో బ్యాండు మాస్టారు తన జట్టుకు కోట్లు కుట్టమన్నాడు. జట్టంతా దిట్టమైన మనుషులు. కోట్లు తయారవగానే మాస్టారు వచ్చి తనది వేసుకున్నాడు. అసలు పరీక్ష ఇదంటూ బాకా ఎత్తి ఊదాడు. నడుము దగ్గరి గుండీ తెగి, వీధి దాటి, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన టీలో పడింది. ఆయన అది పంచదార బిళ్ళనుకుని చెంచాతో కలుపుకున్నాడు కూడా.

మాస్టారు కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి పాత కోటు తీసి తొడుక్కుని అన్నాడు. “ఇది నిరుటిది. ఇప్పటికీ సరిగ్గా పడుతోంది. నేను పెరగలేదు మేస్త్రీ, మీ కొలతే తరిగింది.”

అందరం చిన్నోడివైపు తిరిగాం. బెల్టు పైన చొక్కా ఖాళీ గోనెసంచిలా వేలాడుతోంది.

వారం చివర్లో వాళ్ళు వాయించాలి. మాస్టారు పాత కోటు నమూనాకు వదిలి వెళ్ళగానే, పెద్దోడు బయటికెళ్ళి మిఠాయి పెట్టె తెచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. ఈ వారం కడుపునిండా తిని కాస్త ఒళ్ళు చేయమన్నాడు. తర్వాత ఎన్ని ఉపవాసాలైనా చేసుకోవచ్చన్నాడు. ఈ జట్టు చేజారితే దుకాణం పేరు పోతుందన్నాడు.

చిన్నోడు ఆ పెట్టెను కళ్ళార్పకుండా చూశాడు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాడు.

“కోటు చెడితే విప్పి మళ్ళీ కుడతావు అన్నయ్యా. నన్ను విప్పి కుట్టలేవుగా,” అన్నాడు. “ఎల్లుండి డాక్టరు చూస్తాడు. చక్కెర దిగకపోతే ఇక రోజూ సూదే.”

“ఈ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా?”

“నవ్వుతావని.”

పెద్దోడు నవ్వలేదు. బల్ల మీద కత్తెరను అటు జరిపి, ఇటు జరిపి, చివరికి పెట్టె మూత వేశాడు. వేసేముందు ఎందుకు వృథా అని ఒకటి తన నోట్లో వేసుకున్నాడు.

అది చూసి, రెండో మిషను దగ్గరున్న చిన్నోడి పెళ్ళాం కుట్టు ఆపింది. “బావగారూ, ఆ పాత కోటు మీరొకసారి వేసుకోండి,” అంది.

అతికినట్టు సరిపోయింది. మూణ్ణెల్ల కిందటి చిన్నోడు మా ఎదుట నిలబడ్డాడు. నేను సూదిలో దారం ఎక్కించే పనిలో పడ్డాను, అది అప్పటికే ఎక్కి ఉన్నా.

మా దుకాణంలో కుట్టు లోపల గుడ్డ దండిగా వదులుతాం. ఆ పూటే కోట్లన్నీ విప్పి, పెద్దోణ్ణి చేతులు చాపి నిలబెట్టి, వదులు చేయడం మొదలుపెట్టాం. మూడో రోజుకు అన్నీ సిద్ధమయ్యాయి. ఆ మధ్యలోనే చిన్నోడు డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చాడు. చక్కెర దిగిందట, సూది అక్కర్లేదట, ఇలాగే ఉండమన్నాడట. ఆ మాట చెబుతూ మిషను మీద తల ఆన్చాడు. పెద్దోడు వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాడు.

ఆ పూట భోజనాల దగ్గర పెద్దోడు తన పళ్ళెం చూసుకుని, సగమే ఉందేమిటని అడిగాడు.

“ఈ నెల పందెం మీది బావగారూ,” అంది మరదలు, గిన్నె మీద మూత పెడుతూ.

పెద్దోడు తమ్ముడివైపు చూశాడు. అతను తల ఎత్తకుండా నములుతున్నాడు. ఆ తర్వాత నా పళ్ళెంవైపు చూశాడు. నేను దాన్ని కాస్త దగ్గరికి లాక్కున్నాను.