మాత్రకొక గుడ్డు

తొంభై ఒకటో ఏట బెహ్రామ్‌కి కొలెస్ట్రాల్ మాత్ర మందు కాదు, అనుమతి పత్రం. ఇరవై రెండేళ్ల కిందట పాత డాక్టరు, "రోజూ మాత్ర వేసుకుంటానంటే రోజుకో గుడ్డు తినండి" అన్నాడు. ఆ డాక్టరు పోయాడు. ఆయన మాట మాత్రం తెహ్మీనా చేతిలో చట్టమై కూర్చుంది. తెహ్మీనా బెహ్రామ్ చెల్లెలు, ఎనభై అయిదు. ఇద్దరూ పెళ్లి ఊసెత్తకుండా బొంబాయిలో పార్సీలు కాపురముండే ఆ బాగ్‌లో, పుట్టిన ఫ్లాట్‌లోనే ముసలివాళ్లయ్యారు. అన్నగారి గొంతులో మాత్ర దిగడం కళ్లారా చూస్తే గానీ ఆవిడ గుడ్డు పెంకు పగలగొట్టేది కాదు. బెండకాయ మీదా, టమాటా మీదా, నిన్న మిగిలిన బంగాళాదుంపల మీదా గుడ్లు కొట్టి పోసే ఇంట పుట్టినవాడికి రోజుకి ఒక్కటంటే ఉపవాసమే.

ఈ మధ్య ఆయన కాళ్లు మెత్తబడ్డాయి. తొడలు నొప్పి. స్నానాల గది నుంచి గోడని తడుముకుంటూ వస్తున్నాడు. పక్క బ్లాకు డాక్టరు డెల్నాజ్ వచ్చి మందుల డబ్బా తిరగేసింది.

"అంకుల్, మీ కాళ్లు ఈ మాత్ర వల్లే ఇలా అయ్యాయేమో. ఇది ఇంకా అవసరమా అని. ఆదివారం వచ్చి మీ బలం ఎంతో చూస్తాను."

ఆమె మెట్లు దిగీ దిగగానే బెహ్రామ్ చెల్లెలి వైపు తిరిగాడు.

"మాత్ర పోతే నా గుడ్డో?"

"మాత్ర లేకుండా గుడ్డా? నేను బతికుండగానా?" అంది తెహ్మీనా.

బలంగా కనబడితే మాత్ర నిలుస్తుంది, మాత్ర నిలిస్తే గుడ్డు నిలుస్తుంది. బెహ్రామ్ సాధన మొదలెట్టాడు. డెల్నాజ్ పెట్టే పరీక్షలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవాలట. ఆయన కుర్చీలో రెండు దిండ్లు, వాటి మీద పాత టెలిఫోన్ డైరెక్టరీ వేసి ఎక్కి కూర్చున్నాడు.

"అన్నయ్యా, అది లేవడం కాదు, జారడం."

"నీ పని లెక్కపెట్టడం. లెక్కపెట్టు."

ఆదివారం డెల్నాజ్ ఆ సింహాసనాన్ని చూసి, పక్కనున్న మామూలు కుర్చీ చూపించింది. ఒకటోసారి లేచాడు. రెండోసారి సగం లేచి, అక్కడే కాసేపు ఆలోచించి, కూలబడ్డాడు. మూడోసారి కుర్చీ వదల్లేదు. తెహ్మీనా వచ్చిన నవ్వుని దగ్గులోకి మార్చుకుంది. అంతలో ఆయన మోకాళ్ల వణుకు కంటబడి ఆ దగ్గూ ఆగిపోయింది.

"అంకుల్, మీకెప్పుడూ గుండెపోటు గానీ పక్షవాతం గానీ రాలేదు. ఇంత వయసులో ఈ మాత్ర ఎంత మేలు చేస్తుందో మాకే గట్టిగా తెలీదు. నొప్పులు దీనివల్లేనా అన్నదీ తెలీదు. మూడు నెలలు ఆపి చూద్దాం."

"అంటే నా మీద ఆశ వదిలేశావన్నమాట. నీకు సైకిల్ నేర్పినవాణ్ణి, దీక్రీ, నా బిడ్డా!" అని, గొంతు తగ్గించి, "మరి గుడ్డు?" అన్నాడు.

"ఏ గుడ్డు?"

తెహ్మీనా చట్టాన్ని వివరించింది. డెల్నాజ్ కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

"ఆంటీ, ఆయన కండ కరిగిపోతోంది. పప్పు, చేప, గుడ్డు దండిగా పెట్టండి. గుడ్లు రోజుకి రెండైనా సరే. రోజూ ఇలా లేపండి కూడా."

"రెండు" అన్నాడు బెహ్రామ్, మనవరాలి పేరు తలుచుకున్నంత ముద్దుగా. ఆయనకి మనవరాలే లేదు.

ఆ పూటతో తెహ్మీనా పరిపాలన పోయింది. మర్నాడు పొద్దున వంటింటి బల్ల మీద మాత్రల డబ్బా లేదు. కుర్చీలో దిండ్లూ లేవు.

"అయిదుసార్లు లే. అప్పుడే గుడ్లు."

"ఇదెక్కడి అన్యాయం!"

"కొత్త చట్టం."

ఆపసోపాలు పడి మూడుసార్లు లేచాడు. జాలిపడి ఆవిడ టమాటాల మీద ఒక గుడ్డు కొట్టి పోసి, మూత పెట్టి, పుదీనా చాయ్ వడకట్టుకుంటూ నిలబడింది.

"ఒసేయ్, మూత తియ్యి! సొన గట్టిపడిపోతోంది!"

"నా చేతులు ఖాళీ లేవు. వచ్చి తీసుకో."

బెహ్రామ్ లేచాడు. చేతులు ఆనించే తీరిక లేదు. గోడని పట్టించుకోకుండా నాలుగడుగులు నడిచి మూత ఎత్తాడు. సొన ఇంకా తొణుకుతోంది.

"నాలుగు" అంది తెహ్మీనా. "అయిదోది?"

"తిన్నాక."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి రెండో గుడ్డు తీసుకుని పెనం అంచుకి తట్టింది. అయిదోది బాకీ పడ్డ సంగతి డెల్నాజ్‌కి చెప్పక్కర్లేదని ఇద్దరికీ అనిపించింది.