పసుపు కూరిన నోరు

నేను ఒక గొట్టాన్ని. జానెడు కూడా ఉండను. విమానం ముక్కు పక్కన నోరు తెరుచుకుని కూర్చుంటాను. ఎదురొచ్చే గాలి నా నోట్లో దూరితేనే పైలట్‌కి తన వేగమెంతో తెలుస్తుంది. అవతలి పక్క నాకో కవల తమ్ముడుండేవాడు.

దసరాకి హ్యాంగర్‌లో ఆయుధపూజ చేశారు. మేనేజరు పాండురంగారావు గారు పట్టుపంచె కట్టుకుని స్పానర్లకీ, నిచ్చెనలకీ, ఆఖరికి చీపురుకి కూడా బొట్లు పెట్టారు. మా దగ్గరికొచ్చేసరికి భక్తి పొంగిపోయింది కాబోలు, ఇద్దరికీ నోటినిండా పసుపు ముద్ద కూరి పైన కుంకుమ అద్దారు. ఛీ! ఆ నోరు దేనికో తెలియని మనిషి మేనేజరట!

మెకానిక్ కోటిలింగం గుడ్డ పట్టుకొచ్చాడు. "సార్, తుడిచేస్తానండీ. గాలి ఆడదు."

"బుద్ధుందటయ్యా? పూజ బొట్టు ఆ రోజే చెరుపుతారా? అరిష్టం! రేపు చూద్దాంలే."

విమానం రేపటిదాకా ఆగుతుందా? సాయంత్రమే తొంభై ఇద్దరితో లేచింది. అంతా బాగుందని కోటిలింగం సంతకం పెట్టేశాడు. వాడికీ ఉద్యోగం కావాలిగా. పైకెళ్లాక నేను వేగం తప్పు చెప్పాను. కెప్టెన్ ధనుంజయ నన్ను నమ్మాడు. కొండవాలు మీద కూలాం. ఒక్కరూ మిగల్లేదు.

విచారణ కమిటీ వేశారు. ఎంత తొందరో! శిథిలాల్లో దొరికిన నన్ను ఓ కవర్లో వేసి, మళ్లీ బయటికైనా తీయకుండా తప్పంతా పైలట్‌దేనని తేల్చేశారు. చచ్చినవాడు ఎలాగూ కాదనడు. పాండురంగారావు గారు వాళ్ల పక్కనే కూర్చుని జీడిపప్పు బిస్కెట్లు నమిలారు.

రిపోర్టు చదివి వినిపించడానికి ధనుంజయ భార్య హైమవతిని పిలిచారు. కోటిలింగం ముందురోజే ఆమె కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పేశాడని వాళ్లకి తెలియదు. ఆమె చివరిదాకా విని, బల్లమీది కవరు చింపి, నన్ను తీసి ఛైర్మన్ ముందు పెట్టింది.

"ఊదండి."

"ఏమిటమ్మా ఇది?"

"మా ఆయన వేగం చూసుకోలేదని రాశారుగా. ఆయన చూసుకున్నది దీన్నే. ఊదండి!"

పదిమంది చూస్తున్నారు. తప్పక ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. అవతలి కొస నుంచి పిసరంత గాలి కూడా రాలేదు. నన్ను దించేసరికి పెదాలకి పసుపంటింది.

"నీళ్లు, నీళ్లు తెండ్రా! సార్ మూతి కడుక్కుంటారు!" అంటూ పాండురంగారావు గారు లేచారు.

హైమవతి ఛైర్మన్ చేతిలో కలం పెట్టింది.

"కడగొద్దు. ముందు రాయండి."