పైపు గొంతులో బిళ్ళ

మీటరు పక్కన జాయింటు విప్పగానే పైపు గొంతులో ఇనప బిళ్ళ కనబడింది. దాని నడుమ చిటికెన వేలు కూడా పట్టని బెజ్జం.

మిల్లు క్వార్టర్సంతా పానా అని పిలిచే ఫిట్టరమ్మ దాన్ని బయటికి లాగింది. పన్నెండు రోజులుగా ఆమె కుళాయిల జాలీలు కడిగింది, వాషర్లు మార్చింది, వాల్వులన్నీ తిప్పి చూసింది. మీటరు జోలికి మాత్రం మేనమామ పోనివ్వలేదు. మిల్లువాళ్ల సీలు పగిలితే ఉద్యోగం ఊడుతుందన్నాడు. పని నేర్పిన గురువు మాట కదా, ఆగింది.

నాలుగో అంతస్తులో నీళ్లు దారంలా వచ్చి ఆగిపోయేవి. అక్క ఉండేది అక్కడే. అద్దకం మిల్లులో బాయిలరు పేలి ఆమె రెండు కాళ్లూ కాలాయి. పూటపూటా పారే నీళ్లతో పుండ్లు కడగకపోతే కాలు తీసేయాలన్నాడు డాక్టరు. నిన్నటి నుంచి ఎడమకాలు వాసనేస్తోంది. అందుకే ఇవాళ పానా మామ మాట పక్కనపెట్టి సీలు పగలగొట్టింది.

మేనేజరేమో పైపుల్లో సున్నం పేరుకుందన్నాడు. కాలినవాళ్లకి వైద్యం చేయించాలని అందరం సంతకాలు పెట్టిన మర్నాడే పేరుకుందా అని రంగుల షెడ్డు పెద్దమ్మ నిలదీస్తే, నీళ్లు పొదుపుగా వాడుకోమన్నాడు.

బిళ్ళ చేతులు మారింది. పెరడు జనంతో నిండింది. చప్పుడు చెయ్యకుండా తీసేసి ఊరుకుందామన్నారు కొందరు.

"ఊరుకోబట్టే గొంతుకి బిళ్ళ పెట్టారు," అంది పెద్దమ్మ. "రేపు ముక్కుకీ పెడతారు. అప్పుడు గాలి పొదుపుగా పీల్చుకోండి."

ఎవరో నవ్వారు. పానా నవ్వలేదు. ఆమె చూపు, నీళ్లు కారకుండా జాయింటు మరల మీద చుట్టిన దారం దగ్గరే ఆగిపోయింది. ఏ ఫిట్టరైనా దారాన్ని మర బిగిసే వైపే చుడతాడు. ఇది ఎదురుచుట్టు, ఊడిపోకుండా పైన మైనం. అలా చుట్టే ఎడమచెయ్యి మిల్లు మొత్తానికి ఒక్కటే.

"ఇది ఎవరి చుట్టో నువ్వే చెప్పు మామయ్యా," అంది పానా, గుంపులో ఉన్న మేనమామ ముందు జాయింటు పెట్టి.

కాలరు పట్టుకోబోయినవాళ్లని పెద్దమ్మ ఆపింది. ముసలాయన నేల మీద కూలబడ్డాడు.

"నేనే బిగించాను. పెట్టకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నాడు మేనేజరు. నాలుగు రోజుల్లో సంతకాలు వెనక్కి తీసుకుంటారన్నాడు. మీరు తీసుకోలేదు. రోజూ మీతోపాటే మెట్ల మీద బకెట్లు మోశాను, ఆ పుండు వాసన పీల్చాను, నోరు మాత్రం విప్పలేదు. నా మేనకోడలి కాలు నేనే తిన్నాను. నన్ను తర్వాత కొట్టండి. ఇదొక్కటే కాదు, ఆరు బిల్డింగులకీ పెట్టాను. ఆ పైపు రెంచి ఇటివ్వండి. పెట్టిన చేత్తోనే విప్పుతాను, పట్టపగలు, వాడు కిటికీలోంచి చూస్తుండగా. ఆరు బిళ్ళలూ వాడి బల్ల మీద పోసి, పెట్టించింది వీడని, పెట్టింది నేనని, ఏ జడ్జి ముందైనా చెబుతాను."