బావగారు అడిగి తీసుకెళ్ళిన బండి

పదకొండేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్న మనిషి ఆమె. రోజూ నలభై యాభై మంది మలమూత్రాలు డబ్బాల్లో అందుకుని, వాటికి చీటీలు అంటించి, చేతులు కడుక్కుని హాయిగా భోజనం చేయగలదు. అలాంటిది, సోమవారం పొద్దున ఇంటి ముందు తన బండి మీది కవరు జిప్పు లాగగానే ఆమె ముక్కు మూసుకుని మొహం పక్కకి తిప్పేసుకుంది.

అది ఎలక్ట్రిక్ కార్గో బైక్. హ్యాండిల్‌కి ముందు పెద్ద చెక్క పెట్టె, అందులో ఇద్దరు పిల్లలు కూర్చునే బల్ల, బెల్టులు, పైన వాన కవరు. కారు కొందామని భర్త నస పెట్టినా వినకుండా ఆమె పట్టుబట్టి దీన్ని కొనిపించింది. ఏడాదిన్నరగా తొమ్మిదేళ్ళ కూతుర్నీ, ఐదేళ్ళ కొడుకునీ ఇందులోనే బడికి చేరవేసి, అటునుంచి అటే పనికి పోతోంది.

ఆమె ఆపేలోగా కొడుకు పెట్టెలోకి దూకేశాడు. బల్ల పట్టుకున్న చెయ్యి జారింది. తీసి చూసుకుంటే వేళ్ళ నిండా చేప పొలుసులు, వాటితోపాటు సాగుతూ వేలాడుతున్న ఏదో పేగు ముక్క. వాడు అక్కడికక్కడే చొక్కా మీద కక్కుకున్నాడు.

"ఛీ! నేనెక్కను, అమ్మా" అంది కూతురు, నాలుగడుగులు వెనక్కి వేసి.

అలికిడికి భర్త పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చాడు. అతని అన్నయ్యకి రెండు వీధుల అవతల చేపల దుకాణం ఉంది.

"నిన్న అన్నయ్య అడిగితే తాళం ఇచ్చాను. ఏవో నాలుగు సామాన్లన్నాడు. రెండు బకెట్లు కొడితే పోతుందిలే" అని నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే ఆమెకి పొలుసుల కన్నా ఎక్కువ రోత పుట్టింది. బడికి వేళ మించిపోతోంది. గబగబా వాడికి బట్టలు మార్చి, ఫినాయిలు పోసి పెట్టె కడిగి, బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, మారాం చేస్తున్న కూతుర్ని బతిమాలి ఎక్కించింది. అడుగు చెక్కల సందుల్లో ఇంకిన నీచునీళ్ళు దుప్పటి అంచుని తడుపుకుంటూ పైకి పాకిన సంగతి ఆమె చూసుకోలేదు.

మధ్యాహ్నం టీచరు ఫోన్ చేసింది.

"పాప దగ్గర వాసన వస్తోందని పిల్లలంతా బెంచీ మారిపోయారండీ. అది లైబ్రరీలో ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. కాస్త వచ్చి తీసుకెళ్తారా?"

సాయంత్రం ఆమె పిల్లల్ని పక్కింట్లో దింపి, ఆ బండి మీదే బావగారి దుకాణానికి వెళ్ళింది. గొడవవుతుందని భర్త వెనకే పరుగులాంటి నడకతో వచ్చాడు.

"రామ్మా, రా" అన్నాడు బావగారు, కత్తి నీళ్ళలో ముంచుతూ. "బండి భలే ఉందమ్మా! మూడు డ్రమ్ముల చెత్త ఒక్క ట్రిప్పులో లాగేసింది."

"చేపల చెత్తా, బావగారూ? మా పిల్లలు కూర్చునే దాంట్లోనా?"

"మూత సరిగ్గా పట్టక కొంచెం ఒలికిందమ్మా. నీళ్ళు కొట్టమని చెప్దామనుకుని మర్చిపోయా."

"మీకు పెద్ద కారుంది కదా. అందులో ఎందుకు వేసుకోలేదు?"

ఆయన ఆ ప్రశ్నకి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"భలేదానివే! కారు కంపు కొట్టదూ? మా పిల్లలు బడికెళ్ళేది అందులోనే కదమ్మా."

చేపలు కొనడానికి నిలబడ్డ ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. బావగారికి మాత్రం తానేమన్నాడో ఇంకా ఎక్కలేదు. కత్తి మళ్ళీ తీసుకున్నాడు.

ఆమె భర్త వైపు తిరిగి చూసింది. అతని మొహంలో నవ్వు లేదు.

"అన్నయ్యా, మా పిల్లలు కూడా బడికే వెళ్తారు" అన్నాడతను. "ఇంకెప్పుడూ ఆ బండి అడక్కు."

"ఓరి, ఇంత మాత్రానికే..."

మిగతాది వినకుండా అతను బండి తోసుకుంటూ బయల్దేరాడు. ఇంటికొచ్చి అడుగు చెక్కలు ఊడదీశాడు. కింద నల్లగా గడ్డకట్టిన జిగురులో పురుగులు మెదులుతున్నాయి. రెండుసార్లు ఓకరించి, మూడోసారి కాలవ పక్కకి పరుగెత్తాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసిందే కానీ మంచినీళ్ళు ఇవ్వలేదు.

ఆ వారమంతా పిల్లల్ని అతనే నడిపించుకెళ్ళాడు. శనివారం వడ్రంగి వచ్చి కొత్త చెక్కలు బిగించి వెళ్ళాడు. కూతురు పెట్టెలోకి తల వంచి, చాలాసేపు వాసన చూసి, తమ్ముణ్ణి ముందు ఎక్కమంది.