పిలవని పేరు

హోటల్ వెనక ఇడ్లీ పాత్రలు ముందేసుకుని అలివేలమ్మ తోముతోంది. పక్కనే బోర్లించిన బకెట్టు మీద ఆరేళ్ల పెంటమ్మ కాళ్లూపుకుంటూ కూర్చుంది. పిల్ల తుమ్మితే చాలు, తల్లి చేయి ఆగిపోతుంది. అచ్చంపేటలో అలివేలమ్మ ఎవరో చాలామందికి తెలియదు. ప్లేట్లు మాత్రం రోజూ శుభ్రంగా వాళ్ల ముందుకు వస్తాయి.

పెంటమ్మకు ముందు పుట్టిన ఇద్దరికీ నలుగురినీ పిలిచి ముద్దుగా పేర్లు పెట్టింది. ఇద్దరూ ఏడాది నిండకుండానే జ్వరంతో పోయారు. అందుకే మూడోదాన్ని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేని పిల్లలా ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. చావుకు కూడా అసహ్యం పుట్టాలని. అసలు పేరొకటి కడుపుతో ఉన్నప్పుడే అనుకుంది. ఆరేళ్లుగా దాన్ని పెదవి దాటనివ్వలేదు, మగడికీ చెప్పలేదు.

ఈ రోజు చెప్పాలి. హాస్టలు బడిలో చేరాలంటే ఆధార్ కావాలి. నమోదు చీటీ తెచ్చినా చాలు, నంబరు తర్వాత వస్తుందని పంతులమ్మ జయశ్రీ అంది. ఆధార్ అర్జీ మీద సంతకాలన్నీ తనే చేయించి, పేరు గడి ఒక్కటీ వదిలేసింది.

"పెంటమ్మ అని రాపిస్తే బడిల పిల్లలు నవ్వుతరు. జర ఆలోచించు."

ఆధార్ సెంటర్లో నిరంజన్ కెమెరా సర్దుతూ పిల్ల చెంప చూశాడు.

"ఆ నల్లచుక్క తుడువమ్మా. ఫొటోల మచ్చ లెక్క పడ్తది."

పొద్దున అలివేలమ్మ తన చేత్తో పెట్టిన దిష్టిచుక్క అది. కొంగుతో తుడిచింది. చుక్క పోయింది, పాత పేరూ పోబోతోంది. ఇక బిడ్డకు కాపలా ఏదీ లేదనిపించింది.

"పేరేంది?"

బల్ల మీదికి వంగి గుసగుసగా చెప్పింది.

"ఇనవడలే. గట్టిగ చెప్పు."

మళ్లీ గుసగుసే.

"శ్రీజనా?" అన్నాడతను, గదంతా వినబడేలా.

అలివేలమ్మ గభాలున తలుపు వైపు చూసింది. ఎవరూ లోపలికి రాలేదు. పిల్ల వేళ్లూ కళ్లూ మిషన్‌కు చూపించాక చీటీ చేతికొచ్చింది.

మధ్యాహ్నం హాస్టలు గేటు దగ్గర జయశ్రీ చీటీ చదివి నవ్వింది.

"శ్రీజా, దా బిడ్డా."

పిల్ల కదల్లేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. రెండోసారి పిలిచినా అంతే. పాత పేరుతో పిలిస్తే పరిగెత్తుకొస్తుంది. అలా పిలిచి, చంకనేసుకుని పారిపోవాలని అలివేలమ్మకు ఎంతగానో అనిపించింది.

"నిన్నే బిడ్డా," అంది. "శ్రీజా. నీ పేరే అది. పో."

పిల్ల ఆ పేరును తనలో తాను ఒకసారి అనుకుని చూసుకుంది. సంచీ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం మళ్లీ గిన్నెలు. తోముతున్నంతసేపూ అలివేలమ్మ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉంది. పక్కన బకెట్టు బోర్లించినట్టే ఉంది. కొంగు నీళ్లలో పడబోతే తీసి నడుం దగ్గర దోపుకుంది. దాని అంచున పిల్ల చెంప మీది కాటుక ఇంకా నల్లగానే ఉంది.