సన్యాసి పీతల ఇళ్లు

తాత నలభై ఏళ్లు పడవలు చేసిన వడ్రంగి. పని మానేసినా చేతులు ఊరుకోవు. పిన్ని కొత్తింటికి మారుతోందని మనవరాలు అద్దానికి చట్రం అడిగితే ఒక్క పూటలో చేసిచ్చాడు. దాని చుట్టూ నత్తగుల్లలు అంటించాలని పిల్ల ఆలోచన. వారం రోజులు ఒడ్డంతా గాలించి బకెట్ నింపింది. పగిలినవి, చిల్లులు పడ్డవి ఒక్కటీ తేలేదు. తొమ్మిదేళ్ల ఆ పిల్లని ఇంట్లో అందరూ వకీలంటారు. ఏ మాటా ఊరికే ఒప్పుకోదు మరి.

ఇద్దరూ కూర్చుని బకెట్‌లోవి చాలావరకు చట్రానికి అంటించేశారు. ఆదివారం పొద్దున చూస్తే, మిగిలిన వాటిలో ఒక గుల్ల నడుస్తోంది.

"తాతా! ఇందులో ఎవరో ఉన్నారు!"

తాత కళ్లజోడు సర్దుకుని చూశాడు. లోపల్నుంచి ఎర్రటి కాళ్లు, పుల్లల మీద పెట్టినట్టు రెండు కళ్లు.

"సన్యాసి పీత ఇది."

"సన్యాసికి ఇల్లెందుకు?"

"ఆ పేరు మనం పెట్టిందిలే. దీనికి ముందువైపే గట్టి డొప్ప, వెనకంతా మెత్తన. అందుకే నత్త చచ్చి ఖాళీ అయిన గుల్లలో దూరుతుంది. పెరిగి ఇరుకైతే పెద్దది వెతుక్కుంటుంది."

"దొరక్కపోతే?"

తాతకి జవాబు తెలుసు. కానీ ఆయన వేళ్లకి ఇంకా జిగురు అంటుకునే ఉంది.

"పద, చూపిస్తా" అన్నాడు.

సముద్రం వెనక్కి తగ్గి, రాళ్ల మధ్య మడుగులు తేలిన వేళ. పీతని నీళ్లలో వదిలారు. తాత పాచి చూపించాడు, పాచిని గీరి తినే నత్తల్ని చూపించాడు, నాచులో నక్కిన వేలెడు చేపల్ని చూపించాడు. "చచ్చిందీ కుళ్లిందీ తినేసి ఈ మడుగుని శుభ్రంగా ఉంచేది పీతలే. అవి పోతే నీళ్లు కంపు కొడతాయి, చేపపిల్లలు బతకవు."

పిల్ల వింటున్నట్టు లేదు. ఒక రాతి పక్కకే చూస్తోంది. అక్కడో చిన్న పీత, నీలం రంగు సీసా మూతని వీపున ఈడ్చుకుంటూ పోతోంది. వెనక భాగం సగం బయటే ఉంది.

"దొరక్కపోతే ఇదే" అన్నాడు తాత.

వకీలు జేబులోంచి ఒక పెద్ద గుల్ల తీసి మడుగులో పెట్టింది. గంట గడిచింది. తాతకి నడుం పట్టేసింది, లేద్దామంటే పిల్ల కదలనివ్వలేదు. చివరికి ఒక పెద్ద పీత వచ్చి గుల్లని దొర్లించి, లోపలికి డెక్క పెట్టి కొలత చూసుకుంది. రెప్పపాటులో పాతది వదిలి కొత్తదాంట్లోకి దూకింది. ఆ పాతదాంట్లోకి ఇంకోటి మారింది. అది వదిలిన గుల్లలోకి, మూతని విడిచిపెట్టి, మన చిన్నది దూరింది.

"ఒక్క గుల్లతో ముగ్గురికి ఇళ్లు!" పిల్ల గట్టిగా అరిచింది. ఆ వెంటనే ముఖం చిన్నబోయింది. "మనం అంటించినవన్నీ తీసేద్దాం తాతా."

"అది పడవలకి వేసే జిగురే. అంత తేలిగ్గా ఊడి వస్తుందా?"

"వేసింది నువ్వే కదా, నువ్వే తియ్యి."

తాత రెండు రోజులు వేడినీళ్లు, ఉలి పట్టుకు కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఊడిపోకూడదని అంటించిన మనిషి, ఊడి రమ్మని బతిమాలాడు. కొన్ని పగిలాయి, పగిలినప్పుడల్లా వకీలు చేత చీవాట్లు తిన్నాడు. అరవై దాకా మంచివి మిగిలితే, తీసుకెళ్లి మూడు మడుగుల్లో పంచారు. మూతని మాత్రం చెత్తబుట్టలో పడేశారు.

చట్రం మీద జిగురు మరకలు పోలేదు. తాత మరకకో పీత చొప్పున చెక్కి పిన్నికి పంపించాడు. ఆమె ఫోన్ చేసి, "గుల్లలు పెడతానందిగా పిల్ల, ఏవి?" అంది. పిల్ల ఫోన్ లాక్కుని పావుగంట వాదించింది. తాత సాయం అవసరమే పడలేదు.

మరుసటి వారం పిన్ని దగ్గర్నుంచి ఒక సంచీ వచ్చింది. ఆమె చిన్నప్పుడు ఇదే ఒడ్డున ఏరి, గాజు జాడీలో దాచుకున్న గుల్లలట.